ఒంట్లో ఏమీ లేదు, రిపోర్టులో పాజిటివ్

నౌపడ, టెక్కలి, సోంపేట వైపు కుర్రాళ్లలో చాలామందికి హెపటైటిస్-బి అనే మాట మొదట చెవిన పడేది ఆస్పత్రిలో కాదు, గల్ఫ్ మెడికల్‌లో. వెల్డింగో ఫిట్టింగో నేర్చుకుని, ఏజెంటుకు అడ్వాన్సు కట్టి, పాస్‌పోర్టు చేతికొచ్చాక వైద్యపరీక్షకు వెళ్తారు. గల్ఫ్ దేశాల నిబంధనల ప్రకారం హెపటైటిస్-బి గానీ సి గానీ పాజిటివ్ వస్తే అన్‌ఫిట్. రిపోర్టులో ‘హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్’ అని ఒక్క లైనే ఉంటుంది. మనిషేమో ఉప్పు బస్తా ఎత్తి లారీలో వేసేలా ఉంటాడు. ఆకలి బాగానే ఉంది, కళ్లు తెల్లగానే ఉన్నాయి. ‘‘ఒంట్లో ఏటీ నేదు గదా, ఇదెక్కడి రోగమేటి?’’ అని ఇంటిల్లిపాదీ అడుగుతారు.

అడగాల్సిన ప్రశ్నే. శాస్త్రవేత్తలకు దీనికి జవాబు దొరకడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. ఆ జవాబు కూడా మనం ఊహించుకునేలా ఉండదు. కాలేయాన్ని పాడుచేసేది ఈ వైరస్ కాదు. దాన్ని వెళ్లగొట్టాలని చూసే మన రక్షణ కణాలే పాడుచేస్తాయి. వాటి పని సాంతం జరిగితే మనిషి కోలుకుంటాడు. అసలు మొదలే కాకపోతే ఏళ్ల తరబడి ఏమీ తెలియదు. మొదలై, సగంలో ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ ఆగితే మాత్రం లివర్ గట్టిపడిపోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2022 నాటికి ప్రపంచంలో 25.4 కోట్ల మందిలో హెపటైటిస్-బి, 5 కోట్ల మందిలో హెపటైటిస్-సి దీర్ఘకాలికంగా ఉన్నాయి. మన దేశం వాటా బి కింద 2.98 కోట్లు, సి కింద 55 లక్షలు. వీళ్లలో అత్యధికులకు తమ ఒంట్లో వైరస్ ఉందన్న సంగతే తెలియదు. గల్ఫ్ మెడికల్‌లో పట్టుబడ్డవాడు ఒకరకంగా అదృష్టవంతుడే. ఆ మాట ఆ రోజు అతనితో అనలేం గానీ.

ఈ వైరస్‌ను 1965లో బరూచ్ బ్లంబర్గ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, ఒక ఆస్ట్రేలియా ఆదివాసీ రక్తంలో కనిపించిన వింత ప్రొటీన్ రూపంలో మొదట పట్టుకున్నాడు. దానికి 1976లో నోబెల్ బహుమతి వచ్చింది. ఏటా జూలై 28న జరిపే ప్రపంచ హెపటైటిస్ దినం ఆయన పుట్టినరోజే. ఆనాడు ఆయన చూసిన ప్రొటీనే ఈనాటి రిపోర్టులోని హెచ్‌బీఎస్ఏజీ, అంటే వైరస్ పైతొడుగు. దీంట్లో ఒక చిత్రం ఉంది. వైరస్ సోకిన కాలేయ కణం తయారుచేసే తొడుగుల్లో చాలా భాగం ఖాళీవి, లోపల సరుకే ఉండదు. ఒక్కో అసలు వైరస్‌కు వెయ్యి మొదలు లక్ష దాకా ఖాళీ తొడుగులు రక్తంలో తిరుగుతుంటాయి. వైరస్‌ను పట్టుకోవాల్సిన యాంటీబాడీలు ఈ ఖాళీ తొడుగులకే అతుక్కుని ఖర్చయిపోతాయి.

వైరస్ మాత్రం చాలా చిన్నది. దాని డీఎన్‌ఏ పొడవు 3,200 అక్షరాలు. రక్తంలోంచి పిత్త లవణాలను లోపలికి లాక్కునే తలుపు ఒకటి కాలేయ కణం మీద ఉంటుంది. దాని పేరు ఎన్‌టీసీపీ. వైరస్ ఆ తలుపులోంచే దూరుతుందని బీజింగ్‌లో వెన్‌హుయ్ లీ బృందం 2012లో కనిపెట్టింది. లోపలికి వెళ్లాక కణ కేంద్రకంలో తన డీఎన్‌ఏను గుండ్రటి గొలుసుగా బిగించుకుని కూర్చుంటుంది. వైద్యులు దాన్ని ‘సీసీసీ డీఎన్‌ఏ’ అంటారు. ఆ గొలుసు ఉన్నంతకాలం కొత్త వైరస్‌లు పుడుతూనే ఉంటాయి. ఇవాళ మనం వాడుతున్న మాత్రలేవీ దాన్ని తెంచలేవు.

ఫ్లూ వైరస్ గానీ డెంగీ వైరస్ గానీ కణంలోకి దూరగానే కణం కేకలు పెడుతుంది. ఇంటర్ఫెరాన్లు విడుదలవుతాయి, జ్వరం వస్తుంది, ఒళ్లు నొప్పులు మొదలవుతాయి. హెపటైటిస్-బి దూరిన కణం అలాంటిదేమీ చేయదు. అమెరికాలోని స్క్రిప్స్ పరిశోధన సంస్థలో ఫ్రాంక్ చిసారి బృందం చింపాంజీలకు ఈ వైరస్‌ను ఎక్కించి, వారాల తరబడి కాలేయం ముక్కలు తీసి చూసింది. వైరస్ కాలేయమంతా వ్యాపిస్తున్నా, ఆ తొలి దశలో కణాల జన్యువుల్లో చెప్పుకోదగ్గ ఉలికిపాటే కనిపించలేదు. వైరస్ ఒంట్లో దూరిన నెలకో, ఒక్కోసారి ఆరు నెలలకో గానీ లక్షణాలు బయటపడకపోవడానికి కారణం ఇదే.

పైగా అది చేరిన చోటు కూడా అలాంటిది. నౌపడ స్టేషన్ తెలిసినవారికి కాలేయం సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. హౌరా-చెన్నై మెయిన్ లైను ఒక పక్క, పర్లాకిమిడి రాజావారి కాలంలో చిన్న రైలు నడిచి, ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయిన గుణుపురం లైను ఇంకో పక్క వచ్చి ఇక్కడ కలుస్తాయి. కాలేయానికీ రెండు లైన్లున్నాయి. గుండె నుంచి వచ్చే ధమని ఒకటి, పేగుల నుంచి వచ్చే పోర్టల్ సిర ఇంకొకటి. కాకపోతే ఇక్కడ రాకపోకలు ఎక్కువ బ్రాంచి లైను మీదే. కాలేయంలోకి వచ్చే రక్తంలో దాదాపు నాలుగింట మూడు వంతులు పేగుల నుంచి వచ్చేదే. అందులో మనం తిన్న చేపల పులుసు తాలూకు ప్రొటీన్లుంటాయి, పేగుల్లోని బ్యాక్టీరియా తునకలుంటాయి. అంతా బయటి సరుకే. దిగిన ప్రతి ప్రయాణికుణ్నీ దొంగగా చూస్తే స్టేషన్ నడవదు. కాబట్టి కాలేయం చూసీచూడనట్టు పోవడం నేర్చుకుంది.

ఈ గుణాన్ని 1969లో కేంబ్రిడ్జ్ సర్జన్ రాయ్ కాన్ బృందం పందుల్లో స్పష్టంగా చూపించింది. ఒక పంది కిడ్నీని ఇంకో పందికి పెడితే ఒళ్లు దాన్ని తిరగ్గొడుతుంది. కాలేయాన్ని పెడితే మాత్రం చాలాసార్లు ఏ మందూ లేకుండానే ఒప్పుకుంది. అంతే కాదు, అదే దాత నుంచి తెచ్చిన ఇతర కణజాలాలను కూడా ఒప్పుకోవడం మొదలుపెట్టింది. కాలేయం రక్తనాళాల గోడల్లో కాపురముండే కుఫ్ఫర్ కణాలు, లోపలి పొర కణాలు రక్షణ కణాలకు శాంతించమనే సంకేతాలు పంపుతూ ఉంటాయి. ఐఎల్-10 అనే ప్రొటీన్ అలాంటి సంకేతాల్లో ఒకటి. మన ఆరోగ్యానికి ఇది అవసరం. వైరస్‌కు మాత్రం ఇంతకంటే అనువైన ఇల్లు దొరకదు.

అయినా పెద్దవాళ్లలో వైరస్ దూరితే నూటికి 95 మందికి పైగా దాన్ని సొంతంగానే అదుపు చేసేస్తారు. అదెలా జరుగుతుందో దగ్గరగా చూడాలి.

యాంటీబాడీలు కణం లోపలికి వెళ్లలేవు. లోపల ఏం జరుగుతోందో పసిగట్టేవి టీ కణాలు. ప్రతి కణమూ తన లోపల తయారవుతున్న ప్రొటీన్లను తునకలు చేసి గోడ మీద ప్రదర్శిస్తూ ఉంటుంది. సీడీ8 అనే రకం టీ కణం కాలేయపు సన్నటి రక్తనాళాల్లో పాకుతూ, ఆ నాళాల గోడల్లో ఉన్న చిల్లుల్లోంచి వేళ్లు చాచినట్టుగా కాలేయ కణాన్ని తడిమి, వైరస్ తునక కనిపిస్తే పని మొదలుపెడుతుంది. చిసారి బృందం 2003లో ప్రచురించిన ప్రయోగంలో, వైరస్ సోకిన చింపాంజీల ఒంట్లోంచి సీడీ8 కణాలను తాత్కాలికంగా తీసేశారు. అవి లేనంతకాలం వైరస్ తగ్గలేదు. అవి తిరిగి రాగానే వైరస్ తగ్గింది, దాంతోపాటే కాలేయం వాచింది. రెండూ ఒకే కణాల పని.

ఆ కణాలు వైరస్ ఉన్న ప్రతి కాలేయ కణాన్నీ చంపుకుంటూ పోతే మనిషి బతకడు. వైరస్ ఉధృతంగా ఉన్నప్పుడు కాలేయంలో దాదాపు ప్రతి కణంలోనూ అదే ఉంటుంది మరి. అందుకని టీ కణాలు కొన్నింటినే చంపుతాయి. మిగతావాటి విషయంలో ఇంటర్ఫెరాన్-గామా, టీఎన్ఎఫ్ అనే రసాయనాలను చల్లుతాయి. వాటి ప్రభావంతో కాలేయ కణం తాను బతికే ఉండి, లోపల వైరస్ తయారీని నిలిపేస్తుంది. చంపకుండా శుభ్రం చేసే ఈ పద్ధతిని చిసారి, ఆయన సహచరుడు గిడోట్టి 1990ల్లో మొదట ఎలుకల్లోనూ, తర్వాత చింపాంజీల్లోనూ చూపించారు. వైరస్‌లో ఎక్కువ భాగం, కాలేయం బాగా దెబ్బతినకముందే మాయమైపోతుంది.

కాలేయ పరీక్షలో ఎస్‌జీపీటీ వందల్లోకి ఎక్కడం, కళ్లు పచ్చబడటం, వాంతులు, ఇవన్నీ రక్షణ కణాలు గట్టిగా పనిచేస్తున్నాయనడానికి గుర్తులు. హెపటైటిస్-బితో పచ్చకామెర్లు వచ్చి లేచిన పెద్దమనిషికి చాలావరకు జబ్బు శాశ్వతంగా ఉండిపోదు. ఏ లక్షణమూ లేనివాడిలోనే వైరస్ మకాం వేసి ఉండొచ్చు. అలాగని కామెర్లు మంచివని కాదు. నూటికి ఒకరికి లోపే అయినా, కొందరిలో ఈ పోరు హద్దు మీరి కాలేయం ఒక్కసారిగా చతికిలబడుతుంది. మనిషికి మగత కమ్మినా, మాట తడబడినా క్షణం ఆలస్యం చేయకూడదు.

మన పల్లెల్లో పసరు మందుకు ఇంత పేరెలా వచ్చిందో ఇక్కడే తెలుస్తుంది. ఊళ్లలో వచ్చే కామెర్లలో చాలామటుకు నీళ్ల ద్వారా వచ్చే హెపటైటిస్-ఎ, ఇ రకాలవి. అవి వాటంతటవే తగ్గుతాయి. బి కూడా పెద్దవాళ్లలో చాలామందికి తగ్గుతుంది. ముక్కులో చుక్కలు వేసినవాడికీ, చేతి మీద చురక పెట్టినవాడికీ ఉచితంగా దక్కే కీర్తి ఇది. నేల ఉసిరి సంగతి మాత్రం కొంచెం ప్రత్యేకం. మద్రాసు పరిశోధకులు 1988లో లాన్సెట్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. నేల ఉసిరి పొడి వాడిన 37 మంది హెపటైటిస్-బి వాహకుల్లో 22 మందికి హెచ్‌బీఎస్ఏజీ పోయిందని అందులో రాశారు. బ్లంబర్గ్ కూడా ఆ మొక్క మీద పనిచేశాడు. ప్రపంచమంతా ఆశగా చూసింది. తర్వాత ఇతర దేశాల్లో జరిగిన ప్రయోగాల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదు. నాటువైద్యాన్ని శాస్త్రం పట్టించుకోలేదని అనేవాళ్లకు ఈ కథ చెప్పాలి. పట్టించుకుంది, పరీక్షించింది, పక్కన పెట్టింది.

మరి గల్ఫ్ మెడికల్‌లో దొరికిన కుర్రాడిలో వైరస్ ఎందుకు పోలేదు? చాలామటుకు అది అతని ఒంట్లోకి నిన్నమొన్న చేరింది కాదు, పుట్టినప్పుడో పసితనంలోనో చేరింది.

పసితనంలో చేరితే ఎందుకు పోదో తెలియాలంటే ముందు పక్షుల దగ్గరికి వెళ్లాలి. నౌపడకు దగ్గర్లోనే తేలినీలాపురం ఉంది. చలికాలం వచ్చేసరికి అక్కడి చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. సైబీరియా నుంచి వస్తాయని ఊళ్లో చెప్పుకుంటారు, వాటి జోలికి ఎవరినీ పోనివ్వరు. హెపటైటిస్-బి వైరస్‌కు దాయాదులు పక్షుల్లో ఉన్నాయి. 1980లో బాతుల్లో ఒకటి దొరికింది, తర్వాత నారాయణపక్షుల్లో, కొంగల్లో కూడా కనుగొన్నారు. తేలినీలాపురం పక్షులను అనుమానించాల్సిన పనేం లేదు, ఆ రకాలు మనుషులకు అంటుకోవు. అయితే మన వైరస్ గురించి మనకు తెలిసిన చాలా సంగతులు బాతులు చెప్పినవే. అది ఆర్‌ఎన్‌ఏను తిరిగి డీఎన్‌ఏగా మార్చుకుంటూ పెరుగుతుందని 1982లో సమ్మర్స్, మేసన్ బాతుల వైరస్‌లోనే కనిపెట్టారు. తల్లి బాతులో వైరస్ ఉంటే అది గుడ్డులోకి చేరుతుంది. ఆ గుడ్డులోంచి వచ్చిన పిల్ల జీవితాంతం రక్తం నిండా వైరస్‌తో, దాదాపు ఏ జబ్బూ లేకుండా ఈదుకుంటూ తిరుగుతుంది. అదే వైరస్‌ను ఎదిగిన బాతుకు ఎక్కిస్తే చాలావరకు వదిలించుకుంటుంది.

మనుషుల్లోనూ లెక్క ఇంతే. పుట్టినప్పుడు సోకిన పిల్లల్లో నూటికి 90 మందికి జీవితాంతం ఉండిపోతుంది, పెద్దయ్యాక సోకినవారిలో నూటికి అయిదుగురికి కూడా ఉండదు. వైరస్ అదే, కాలేయం అదే, తేడా వయసొక్కటే. పసికందు రక్షణ వ్యవస్థ అప్పుడే పరాయి ప్రొటీన్లతో కాపురం నేర్చుకుంటూ ఉంటుంది. తల్లి పాలు, పేగుల్లో చేరే బ్యాక్టీరియా, అన్నీ దానికి కొత్తే. అన్నింటి మీదా విరుచుకుపడితే బిడ్డ బతకదు. సరిగ్గా ఆ సమయంలో వచ్చిన వైరస్‌ను కూడా అది చాలావరకు ఇంటి మనిషిలా చూస్తుంది. వైరస్ తన వంతుగా హెచ్‌బీఈఏజీ అనే ఇంకో ప్రొటీన్‌ను రక్తంలోకి వదులుతుంది. వైరస్ బతకడానికి దాని అవసరం లేదు. టీ కణాలను మందగింపజేయడమే దాని పని అని చాలామంది అభిప్రాయం.

ఇరవై, పాతికేళ్ల వయసు దాకా ఇలా సాగే కాలాన్ని పుస్తకాల్లో ‘సహన దశ’ అని రాసేవారు. ఆ పేరు ఇప్పుడు వెనకబడింది. లండన్ పరిశోధకులు 2012లో ఆ దశలో ఉన్న యువకుల రక్తం పరీక్షిస్తే వైరస్‌ను గుర్తుపట్టే టీ కణాలు కనిపించాయి, కొంతవరకు పనిచేస్తున్నాయి కూడా. అంటే నిద్ర కాదు, కునికిపాటు. 2017 నుంచి యూరప్ వైద్యుల మార్గదర్శకాలు ఆ పేరును వదిలేశాయి. పేరు మారితే ఏమైందని తీసేయడానికి లేదు. ‘సహన దశే కదా, మందెందుకు’ అని పంపేసే అలవాటుకు ఆ పాత పేరే ఆసరా. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చికిత్స మొదలుపెట్టే హద్దులను బాగా సడలించింది.

ముప్పై ఏళ్లు దాటాక చాలామందిలో టీ కణాలు కదులుతాయి. అప్పటికి వాటికి చేవ చచ్చి ఉంటుంది. ఈ సంగతి బయటపెట్టినవారిలో ముఖ్యుడు హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియా యూనివర్సిటీలో చదివి, అమెరికా వెళ్లిన రఫీ అహ్మద్. అట్లాంటాలోని ఎమరీ యూనివర్సిటీలో ఆయన ప్రయోగశాల ఉంది. ఎలుకలకు సోకే ఎల్‌సీఎంవీ అనే వైరస్ మీద ఆయన దశాబ్దాలు పనిచేశారు. ఆ వైరస్‌లో ఒక రకాన్ని ఎలుక వారంలో వదిలించుకుంటుంది. ‘క్లోన్-13’ అనే ఇంకో రకం నెలల తరబడి ఉండిపోతుంది. రెండో రకం సోకిన ఎలుకల్లో వైరస్‌ను గుర్తించే టీ కణాలు చచ్చిపోయి ఉంటాయని అందరూ అనుకున్నారు. 1998లో ఆయన బృందం లెక్కపెట్టి చూస్తే కణాలు ఉన్నాయి, పని చేయడం లేదు. వైరస్ కనబడుతున్నా రసాయనాలు వదలవు, చంపవు. ఈ స్థితికి ‘ఎగ్జాషన్’ అని పేరు. ఎడతెగని పనితో సొమ్మసిల్లిన కణాలన్నమాట.

2006లో అదే బృందం నేచర్ పత్రికలో ఇంకో అడుగు ముందుకు వేసింది. సొమ్మసిల్లిన కణాల మీద పీడీ-1 అనే మీట ఉంటుంది. ఎదుటి కణం దాన్ని నొక్కితే టీ కణం చల్లబడుతుంది. ఆ మీటకు యాంటీబాడీతో అడ్డం పెడితే ఎలుకల్లో టీ కణాలు లేచి కూర్చున్నాయి, వైరస్ తగ్గింది. తర్వాత కొద్దికాలానికే హెపటైటిస్-బి రోగుల టీ కణాల మీదా ఇదే మీట నిండుగా కనిపించింది. కాలేయం లోపలి పొర కణాలు, కుఫ్ఫర్ కణాలు దాన్ని నొక్కే ప్రొటీన్‌ను ఎప్పుడూ ప్రదర్శిస్తూనే ఉంటాయి. పీడీ-1ను 1992లో కనిపెట్టిన జపాన్ శాస్త్రవేత్త తసుకు హొంజోకు 2018లో నోబెల్ వచ్చింది. అది క్యాన్సర్ చికిత్సను మార్చినందుకు. కాలేయ వైరస్‌ల వద్దకు వచ్చేసరికి ఈ మందు వాడటానికి వైద్యులు జంకుతారు. కారణం ఊహించవచ్చు. కాలేయంలో అన్ని కణాల్లోనూ వైరస్ ఉండగా, నిద్రపోతున్న టీ కణాలన్నింటినీ ఒక్క రోజున లేపితే ఏమవుతుంది?

అంటే సొమ్మసిల్లడం ఒట్టి లోపం కాదు. వైరస్‌ను గెలవలేమని తేలినప్పుడు ఒళ్లు చేసుకునే రాజీ అది. టీ కణం లోపల టాక్స్ అనే ప్రొటీన్ ఈ రాజీని రాసిపెడుతుందని 2019లో వరసగా వెలువడ్డ పరిశోధనలు చూపించాయి. టాక్స్ లేకుండా చేసిన కణాలు ఉత్సాహంగా పనిచేసి త్వరగా చచ్చిపోయాయి.

అయితే ఈ రాజీలో కాలేయం ఎలా చెడుతుంది? లండన్‌లో మాలా మైని, ఆంటోనియో బెర్టొలెట్టి తదితరులు 2000లో ఒక ముఖ్యమైన సంగతి గమనించారు. కాలేయం దెబ్బతిన్న రోగుల్లోనూ, వైరస్ ఉన్నా కాలేయం బాగున్నవారిలోనూ, వైరస్‌ను గుర్తుపట్టే టీ కణాల సంఖ్యలో పెద్ద తేడా లేదు. తేడా అంతా వాటి వెనక వచ్చి చేరిన మందలో ఉంది. వైరస్‌ను గుర్తుపట్టగల కొద్ది కణాలు పని పూర్తిచేయలేక, పిలుపులు మాత్రం పంపుతూ ఉంటాయి. ఆ పిలుపు విని వైరస్ అంటే ఏమిటో తెలియని టీ కణాలు, న్యూట్రోఫిల్స్, ఎన్‌కే కణాలు కాలేయంలో గుమిగూడతాయి. కాలేయంలోని లింఫోసైట్లలో మామూలుగానే మూడోవంతు దాకా ఎన్‌కే కణాలుంటాయి. ఈ గందరగోళంలో అవి కాలేయ కణాలతోపాటు, వైరస్ మీద పోరాడే టీ కణాలనే చంపుతున్నాయని మైని బృందం 2013లో చూపించింది.

కాలేయ కణాలు కొద్దికొద్దిగా చస్తూ ఉంటే, వాటి పక్కనుండే స్టెల్లేట్ కణాలు ఆ ఖాళీని నారతో పూడుస్తాయి. ఆ నార పేరుకుంటే ఫైబ్రోసిస్, ముదిరితే సిరోసిస్. చచ్చినవాటి స్థానంలో కొత్త కణాలు పుట్టాలి కాబట్టి విభజనలు పెరుగుతాయి, విభజన పెరిగేకొద్దీ క్యాన్సర్ అవకాశమూ పెరుగుతుంది. ఇదంతా ఇరవై ముప్పై ఏళ్లపాటు చప్పుడు లేకుండా జరిగే పని. రోజూ సాయంత్రం సారా పడితే ఆ ఏళ్లు తగ్గిపోతాయి.

హెపటైటిస్-సి కథ దీనికి పక్కనే నడుస్తుంది గానీ ముగింపు వేరు. అది ఆర్‌ఎన్‌ఏ వైరస్. గొలుసు కట్టి కూర్చోదు. వేషాలు మార్చి తప్పించుకుంటుంది. పెద్దవాళ్లలో కూడా సగానికి పైగా ఉండిపోతుంది. దాన్ని కనిపెట్టిన ఆల్టర్, హౌటన్, రైస్‌లకు 2020లో నోబెల్ ఇచ్చారు. స్థిరమైన గొలుసు లేదు కాబట్టి తయారీ ఆపితే వైరస్ అంతరించిపోతుంది. సోఫోస్‌బువిర్ మాత్రలు 2013లో అమెరికాలో వచ్చినప్పుడు 12 వారాల కోర్సు 84,000 డాలర్లు. తర్వాత రెండేళ్లలో నాట్కో, హెటెరో లాంటి హైదరాబాద్ కంపెనీల జెనరిక్‌లు వచ్చి ధర నేలకు దిగింది. ఇప్పుడు 2018 జూలై 28న మొదలైన జాతీయ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వాస్పత్రుల్లో ఈ మాత్రలు ఉచితం, నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. వైరస్ పోయాక టీ కణాలు కోలుకుంటాయా అని చూస్తే, సగమే. 2021లో వచ్చిన పరిశోధనలు చెప్పేదేమంటే, ఏళ్ల తరబడి సొమ్మసిల్లిన కణాల డీఎన్‌ఏ మడతల్లో ఆ గుర్తులు చెరిగిపోకుండా ఉన్నాయి. నయమైనవారికి సి మళ్లీ సోకగలదు.

ఈ వైరస్‌లు సోకే ముప్పు అనగానే ఉత్తరాంధ్రలో ముందు గుర్తొచ్చేది ఉద్దానం. అక్కడి కిడ్నీ జబ్బుతో పలాస, సోంపేట, టెక్కలి కేంద్రాల్లో వారానికి రెండు మూడుసార్లు నాలుగేసి గంటలు డయాలసిస్ మంచం మీద గడిపేవారికి కాలేయ వైరస్‌లు రెండో శత్రువులు. హెపటైటిస్-బి వైరస్ ఒంటి బయట, ఆరిపోయిన రక్తపు మరకలో కూడా కనీసం వారం రోజులు బతుకుతుంది. అందుకే బి పాజిటివ్ వారికి డయాలసిస్ మెషీన్ వేరుగా పెడతారు. దాన్ని వెలివేతగా భావించి బాధపడేవాళ్లున్నారు. సిబ్బంది రెండు నిమిషాలు కూర్చుని కారణం చెబితే ఆ బాధ ఉండదు.

కిడ్నీలు వదిలేసిన వ్యర్థాలు రక్తంలో పేరుకుంటే టీ కణాలు వయసుకు ముందే ముసలివవుతాయి, వాటికి పాఠం చెప్పే డెండ్రిటిక్ కణాలు మొద్దుబారతాయి. అందుకే డయాలసిస్ రోగికి బి సోకితే ఆరోగ్యవంతుడైన పెద్దమనిషిలా వదిలించుకోలేడు, చాలా ఎక్కువ మందిలో ఉండిపోతుంది. టీకా కూడా మామూలు మోతాదులో సరిగా పట్టదు. వారికి రెట్టింపు మోతాదు, అంటే 40 మైక్రోగ్రాములు, ఎక్కువ డోసుల్లో ఇచ్చి, ఆ తర్వాత రక్తంలో యాంటీబాడీ 10 యూనిట్లు దాటిందో లేదో చూడాలి. క్రియాటినిన్ పెరుగుతోందని తెలిసిన తొలి రోజుల్లోనే, ఇంకా డయాలసిస్ దాకా రాకముందే టీకా వేస్తే బాగా పడుతుంది. ఉద్దానంలో కిడ్నీ పరీక్షలకు ఊరూరా శిబిరాలు పెడుతున్నప్పుడు ఈ సూది కూడా ఆ బల్ల మీదే ఉండాలన్నది నా అభిప్రాయం.

టీకా అనగానే శాంతా బయోటెక్నిక్స్ పేరు చెప్పకుండా తెలుగువాళ్లు ముందుకు పోలేరు. నెల్లూరు జిల్లాకు చెందిన కె.ఐ.వరప్రసాదరెడ్డి 1993లో తల్లి పేరు మీద ఆ సంస్థను పెట్టారు. ఉస్మానియాలో, తర్వాత సీసీఎంబీలో తలదాచుకుని పని సాగించి, 1997 ఆగస్టులో శాన్‌వ్యాక్-బి విడుదల చేశారు. జన్యు పద్ధతిలో మన దేశంలో తయారైన తొలి హెపటైటిస్-బి టీకా అది. వందల రూపాయలు పలికే విదేశీ టీకా డోసు 50 రూపాయల స్థాయికి దిగింది. ఈస్ట్ కణంలోకి వైరస్ తొడుగు జన్యువు ఒక్కటే పెట్టి, తొడుగులు మాత్రమే తయారుచేయించడం దాని కిటుకు. వైరస్ మనల్ని మోసం చేయడానికి వదిలే ఖాళీ తొడుగులతోనే యాంటీబాడీలు తయారుచేసే మన బీ కణాలకు ముందస్తు శిక్షణ ఇస్తున్నాం. యాంటీబాడీ ముందే సిద్ధంగా ఉంటే వైరస్‌ను రక్తంలోనే పట్టేస్తుంది, అది కాలేయ కణం తలుపు దాకా చేరదు.

ప్రభుత్వ టీకాల పట్టికలోకి ఇది 2011 నాటికి దేశమంతటా వచ్చింది. ఇప్పుడు పుట్టే పిల్లలకు 6, 10, 14 వారాల్లో పెంటావాలెంట్‌లో భాగంగా పడుతోంది. ఆ మూడింటి కన్నా ముందు పుట్టిన 24 గంటల్లోపు వేయాల్సిన డోసు ఒకటుంది. తల్లి నుంచి బిడ్డకు వైరస్ చాలావరకు కాన్పు సమయంలోనే వస్తుంది కాబట్టి ఈ పందెంలో గంటలే లెక్క. వైరస్ కాలేయంలో స్థిరపడేలోపు బిడ్డ ఒంట్లో యాంటీబాడీలు పుట్టాలి. ఆరో వారంలో వేద్దాంలే అంటే ఆలస్యమైపోతుంది. తల్లికి పాజిటివ్ అని ముందే తెలిస్తే బిడ్డకు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇస్తారు, తల్లిలో వైరస్ ఎక్కువగా ఉంటే ఏడో నెల నుంచి టెనోఫోవిర్ మాత్ర ఇస్తారు.

గల్ఫ్ కుర్రాడికి ఇవన్నీ దాటిపోయాయి. అతను చేయాల్సినవి వేరే ఉన్నాయి. హెచ్‌బీవీ డీఎన్‌ఏ, ఎస్‌జీపీటీ, ఫైబ్రోస్కాన్ చేయిస్తే కాలేయంలో ఏ దశ నడుస్తోందో తెలుస్తుంది. తల్లికి, తోబుట్టువులకు, భార్యకు పరీక్ష చేయించాలి, నెగెటివ్ వచ్చినవారికి టీకా వేయించాలి. కంచం, గ్లాసు వేరు చేయనక్కర్లేదు. బ్లేడు, టూత్‌బ్రష్ మాత్రం వేరుగా ఉండాలి. మందు అవసరమని తేలితే టెనోఫోవిర్ గానీ ఎంటెకావిర్ గానీ రోజూ ఒక మాత్ర. అది వైరస్ తయారీని ఆపుతుంది, గొలుసును తెంచదు. కాబట్టి ‘బాగానే ఉంది కదా’ అని సొంతంగా మానేస్తే వైరస్ ఒక్కసారిగా లేస్తుంది, దాన్ని చూసి టీ కణాలు లేస్తాయి, కొందరిలో కాలేయం తట్టుకోలేదు.

పూర్తిగా వదిలించే మందుల వేట జోరుగానే ఉంది. తొడుగుల తయారీనే తగ్గించి, ఆ రొద తగ్గాక టీ కణాలు తేరుకుంటాయేమో చూడటం ఒక దారి. బెపిరోవిర్‌సెన్ అనే ఇంజెక్షన్ 24 వారాలు ఇచ్చిన రెండో దశ ప్రయోగంలో నూటికి తొమ్మిది పది మందికి, మందు ఆపాక కూడా హెచ్‌బీఎస్ఏజీ కనబడలేదని 2022లో ప్రచురించారు. చిన్న సంఖ్యే గానీ, మాత్రలతో అంత కూడా రావడం అరుదు.

ఇక హెచ్‌బీఎస్ఏజీ నెగెటివ్ అయినవారి సంగతి. పెద్దయ్యాక కామెర్లు వచ్చి తగ్గినవారి కాలేయంలోనూ ఆ గొలుసు కొన్ని కణాల్లో మిగిలే ఉంటుంది, దాన్ని టీ కణాలు, బీ కణాలు దశాబ్దాలపాటు అదుపులో పెడుతూ ఉంటాయి. ఈ సంగతి ఎక్కువగా బయటపడేది క్యాన్సర్ వార్డుల్లో. లింఫోమాకు ఇచ్చే రిటుక్సిమాబ్ మందు బీ కణాలను తుడిచేస్తుంది. అది ఎక్కించిన కొన్ని నెలలకు, ఎప్పుడో ముప్పై ఏళ్ల కిందట తగ్గిపోయిన హెపటైటిస్-బి తిరిగి లేచి ప్రాణం మీదకు తెచ్చిన సందర్భాలున్నాయి. కాబట్టి ఇప్పుడు అలాంటి మందు మొదలుపెట్టే ముందు హెచ్‌బీఎస్ఏజీ ఒక్కటే చూసి ఊరుకోరు. యాంటీ-హెచ్‌బీసీ అనే ఇంకో పరీక్ష కూడా రాస్తారు. అది పాజిటివ్ వస్తే, ఒంట్లో వైరస్ కనబడకపోయినా, క్యాన్సర్ మందుతోపాటే ఎంటెకావిర్ మొదలుపెడతారు. క్యాన్సర్ మందు పూర్తయ్యాక కూడా ఏడాది, ఏడాదిన్నర దాకా దాన్ని ఆపరు.